మంచి చేతికి కట్టు

హైదరాబాద్,
12 మార్చి 1999

వదినకు,

నమస్కారం. పెద్దవాళ్ళకు అలా రాయాలని అమ్మ నేర్పింది కాబట్టి రాశాను. మనసులో ఉన్నది వేరు.

గీతాంజలి పెళ్ళి ఆల్బం నిన్న వచ్చింది. మా వియ్యపురాలు కూడా ఉంది. అందరం చుట్టూ కూర్చుని చూస్తుంటే, నేను నీకు చీర పెడుతున్న ఫొటో దగ్గర ఆవిడ వేలు ఆగింది. "ఈవిడ మీ వదినగారే కదూ? ఎడంచేత్తో తీసుకుంటున్నారే!" అంది. గబుక్కున పేజీ తిప్పేశాను. ఆ రోజే చూశాను. ఇంకెవరూ చూడలేదులే అని కడుపులో పెట్టుకున్నాను. తీరా ఫొటోలో పడింది.

పసుపు కుంకుమలతో సొంత ఆడబిడ్డ పెట్టిన చీర అది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని మరీ ఎడంచేత్తో లాక్కున్నావు. మూడు రోజులూ ముఖం గంటు పెట్టుకునే ఉన్నావు. మన ఇళ్ళల్లో ఏ పెళ్ళయినా మగపెళ్ళివారిని నువ్వు ఆటపట్టిస్తుంటే పడీపడీ నవ్వేవాళ్ళం. నా పెళ్ళిలో మా మామగారి పిలక మీద నువ్వు అన్న మాటకు ఆయన పోయేదాకా నవ్వుకున్నారు. నా కూతురి పెళ్ళికి నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా? పోనీ ఫోన్ చేస్తే గొణుగుడు. "ఊ" అన్నావో "ఉహూ" అన్నావో కూడా తెలియలేదు.

ల్యాబులో కూడా ఇదే గొడవ నా బుర్రలో. నా పనేమిటో నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. ఎలుకల మెదడులో ఒక పక్క కొన్ని కణాలను దెబ్బతీస్తాం. తర్వాత ఎలుకను గాజు జాడీలో వదిలితే, నిలబడడానికి ఏ చెయ్యి గోడకు ఆనిస్తుందో చూసి రాసుకుంటాను. దెబ్బతిన్న ఎలుక ఒక చెయ్యి ఒంటికి దగ్గరగా ముడుచుకుని, రెండో చేత్తోనే పని కానిస్తుంది. నిన్న అలాంటిదాన్ని చూస్తున్నా నీ ఎడంచెయ్యే గుర్తుకొచ్చి ఒళ్ళు మండింది.

చీర నచ్చకపోతే తిప్పి పంపు. అన్నయ్యకు ఈ సంగతి చెప్పకు, నొచ్చుకుంటాడు.

వరూధిని

*

నగర్తపేట, బెంగళూరు,
25 మార్చి 1999

వరూధినికి వదిన దీవెనలు.

ఇక్కడంతా క్షేమం అని రాయడం అలవాటు. ఈసారి రాయను.

ముందు చీర సంగతి. తిప్పి పంపను. ఆకుపచ్చకు వంకాయరంగు అంచు నాకిష్టమని తెలిసే కొన్నావు, మళ్ళీ ఈ మాటలెందుకు?

నా కుడిచెయ్యి ఏడాది నుంచి నా మాట వినడం లేదు. ఊరికే ఉంచితే వణుకుతుంది, పని చెబితే మొరాయిస్తుంది. చిక్కపేట దుకాణాల నుంచి వచ్చే పట్టుచీరలకు కొంగు దారాలు పాయలు తీసి, ముడివేసి, కుచ్చులు కట్టిన చెయ్యి ఇది. లక్ష్మీదేవి, చాందిని నన్ను చూసే కదా పని నేర్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళ ముందే ముడి జారిపోతోంది. పోయిన దసరా తర్వాత పెద్దాసుపత్రిలో చూపించాం. పార్కిన్సన్ జబ్బు అన్నారు. గొంతు తగ్గడం అందుకేనట. ముఖం కూడా బిగుసుకుపోతుందట. నవ్వాను వరూ. మీ వియ్యంకుడు కండువా కొస హారతి పళ్ళెంలో పడేసుకుని గెంతినప్పుడు కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. పైకి రాకపోతే నేనేం చేసేది?

ఎవరికీ చెప్పొద్దని మీ అన్నతోనూ నీ మేనల్లుడు హేమంత్‌తోనూ ఒట్టు వేయించుకున్నాను. పెళ్ళిలో అందరూ పెళ్ళికూతుర్ని చూడాలి గానీ నా చెయ్యిని కాదు. ఆ చెయ్యే చాచి ఉంటే కుంకుమంతా మీ వియ్యపురాలి పట్టుచీర మీద పడేది. అదీ ఫొటోలో పడేది.

నీ ఉత్తరం చదివి మళ్ళీ చదివాను. చెయ్యి ముడుచుకున్న ఆ ఎలుకను నేనే కదే! రోజూ దాన్ని చూసేదానివి, నన్ను చూసి పోల్చుకోలేకపోయావా? ఇందుకు ఏడుస్తూ పెద్ద ఉత్తరం రాస్తావని తెలుసు. రాయొద్దు. ఎలుకలను దెబ్బతీసి ఊరుకోవు కదా, తర్వాత ఏదో చేస్తావు కదా. ఏం చేస్తావో అది రాయి.

అక్షరాలు చీమల్లా ఉన్నాయని తిట్టుకోకు. పెద్దగానే మొదలుపెడతాను, వరస చివరికి అవే చిక్కిపోతాయి. ఫోన్ మాత్రం చెయ్యకు, నా గొంతు నీకు వినపడదు.

అక్కయమ్మ

*

హైదరాబాద్,
8 ఏప్రిల్ 1999

వదినా,

ఏడవొద్దన్నావు. ఆలస్యమైంది. ఇంక ఆ ఊసెత్తను.

మెదడు లోపల అడుగున ఒక చిన్న నల్లటి పట్టీ ఉంటుంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనం చేస్తాయి. చెయ్యి అనుకున్నట్టు సాఫీగా కదలాలంటే అది కావాలి. నీలో ఆ కణాలు చచ్చిపోతున్నాయి. కణం బతకాలంటే తిండి ఒక్కటే చాలదు వదినా, పక్క కణాల నుంచి కబురు కూడా రావాలి. ఆ కబురు తెచ్చే ప్రోటీన్లను గ్రోత్ ఫ్యాక్టర్లు అంటాం. చాలా రకాలున్నాయి. ఏ రకం వచ్చినా కణం పైన తనకోసం ఉన్న చోటునే పట్టుకుంటుంది. అది పట్టుకోగానే లోపల ఒకదాని తర్వాత ఒకటి మేలుకుని కణం నడిబొడ్డు దాకా మాట మోసుకుపోతాయి. చావొద్దు, కొమ్మలు వెయ్యి, పని చెయ్యి, అంతే ఆ మాట. అది తగ్గితే కణం నీరసిస్తుంది. నీ జబ్బులోనే కాదు, మతిమరుపు జబ్బులోనూ మరికొన్నిట్లోనూ ఈ కబుర్లు ఎక్కడో తప్పిపోతున్నాయని మా అనుమానం.

డోపమిన్ కణాలకు పనికొచ్చే ప్రోటీన్ ఒకటుంది. ఎలుక మెదడులో నేరుగా పోస్తే చావబోయే కణాలు నిలబడుతున్నాయి. అయితే నాకూ ఒక సూది వేయించు అంటావు. వేస్తే లాభం లేదు. రక్తంలోంచి మెదడులోకి దాన్ని పోనివ్వని కాపలా ఉంది. పుర్రెకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. విదేశాల్లో ఇప్పుడిప్పుడే ప్రయత్నిస్తున్నారు, ఇంకా ఏమీ తేలలేదు.

అందాకా మాత్రలు వేళకు వేసుకో. చేతిని శ్రమపెట్టకు. కుచ్చుల పని మానెయ్. హేమంత్‌కు కూడా విడిగా రాస్తున్నాను.

నీ వరూ

*

నగర్తపేట,
2 డిసెంబరు 1999

వరూధినికి,

దీవెనలు నీకు కాదు, నీ కూతురికి అందించు.

నువ్వు రాసిన ఉత్తరం హేమంత్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. దానికి ఫ్రేము కట్టించడం ఒక్కటే తక్కువ. నేను సూది పట్టుకుంటే చాలు, బయటికి తీస్తాడు. "అత్త ఎలుకల మింద ఇన్నేండ్లు చదివినాది. అత్తే చెప్పినాది. నువ్వు సుమ్నే, ఊరికే కూర్చోమ్మా. నీకేం తక్కువ చేసినామని?" అంటాడు. "నా చెయ్యి నాదప్పా. నీ అత్తది కాదు, నీదీ కాదు" అంటే, వాళ్ళ నాయన వైపు చూస్తాడు. మీ అన్న సంగతి తెలిసిందే. "పిల్లోడు మంచికే చెప్తాండాడు కదే" అని పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

కుచ్చులు కట్టే గది హార్డ్‌వేర్ కొట్టువాడికి గోడౌనుగా ఇచ్చేశారు. లక్ష్మీదేవి, చాందిని బొమ్మనహళ్ళి గార్మెంట్ల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. వెళ్తూ లక్ష్మీదేవి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు కూడా ముఖం మీదికి రాలేదు. నన్ను రాయి అనుకుని పోయి ఉంటుంది.

ఇప్పుడు నన్ను కొలువులో బొమ్మలా కూర్చోబెట్టారు. కోడలు స్పూనుతో తినిపిస్తుంది. కాఫీ చల్లార్చి నోటిదాకా తెస్తుంది. తోడబుట్టిన చెల్లెలికన్నా ఎక్కువ అనుకుని నీకు చెప్పుకున్నాను. నువ్వు నా చేతిలో పని లాగేశావు. చెయ్యి జబ్బుతో పోతే పోతుంది, మీ అందరి ప్రేమతో పోవడం నాకు ఇష్టం లేదు.

ఇంక నీకు రాయను.

అక్కయమ్మ

*

హైదరాబాద్,
14 సెప్టెంబరు 2001

వదినా,

రాయనన్నావు, రాయలేదు. దీపావళికీ, రెండు సంక్రాంతులకూ గ్రీటింగు కార్డు పంపినా పలకలేదు. ఈ ఉత్తరం మాత్రం చించకుండా చివరిదాకా చదువు. నువ్వు చెప్పిందే నిజమని నా ఎలుకలు అంటున్నాయి.

ఈ ఏడాది కొత్త పద్ధతి చేశాం. ఎలుక మెదడులో ఒక పక్క దెబ్బతీయగానే, దాని మంచి చేతిని ఒంటికి కట్టేశాం. తినాలన్నా, నిలబడాలన్నా చెడ్డ చెయ్యే వాడక తప్పదు. పాపం, మొదట్లో బోర్లా పడ్డాయి. తర్వాత నేర్చుకున్నాయి. కొన్నాళ్ళకు కట్టు విప్పాం. కట్టని ఎలుకలు చెడ్డచేతిని ముడుచుకునే ఉన్నాయి. కట్టినవి రెండు చేతులూ గోడకు ఆనించి లేచి నిలబడ్డాయి! మెదడు కోసి చూస్తే కణాలు ఎక్కువ మిగిలి ఉన్నాయి. పని చేసిన చేతికి సంబంధించిన పక్క, నేను చెప్పిన ఆ ప్రోటీన్ కూడా ఎక్కువగా ఉంది. గొట్టం పెట్టి పోసింది కాదు, మెదడు తనంతట తాను చేసుకున్నది. పని చేస్తుంటే కబురు వెళుతోంది వదినా. వేరే దేశాల్లోవాళ్ళకూ ఇలాంటివే కనబడుతున్నాయి.

విశ్రాంతి తీసుకోమని నేనే రాశాను. తప్పు రాశాను. హేమంత్‌కు కూడా ఇవాళే రాశాను.

కానీ ఇది ఎలుక. పైగా దెబ్బ తగిలిన వెంటనే కడితేనే ఫలితం. ఆలస్యంగా కట్టినవాటికి మెదడులో ఏమీ తేడా రాలేదు. నీకు మొదలై మూడేళ్ళు దాటింది. కాబట్టి ఆశలు పెట్టుకోకు. మెల్లగా ఇంటిపని చేసుకో, చాలు. నువ్వు మాత్రం చెయ్యి కట్టుకోవద్దు, పడిపోతావు.

వరూ

*

నగర్తపేట,
20 అక్టోబరు 2001

వరూకు దీవెనలు. ఈసారి నీకే.

కట్టుకున్నాను.

పొద్దున కాఫీ తాగాక పాత చీర పీలికతో ఎడంచేతిని నడుముకు కట్టిస్తాను, మధ్యాహ్నం భోజనమయ్యాక విప్పిస్తాను. కట్టేది చాందిని. నడిచేటప్పుడు కట్టను, కూర్చున్నప్పుడే. పడిపోయేంత తెలివితక్కువదాన్ని కాదు. మొదటిరోజు మీ అన్న దుకాణం నుంచి వచ్చి చూసి నిలబడిపోయాడు.

"ఏమే, ఆ చెయ్యికేమైనాది?"

"ఏమీ కాలేదు. బాగానే ఉండాది."

"బాగుంటే కట్టు యాల కట్టినావు?"

"బాగుండాదనే కట్టినా."

ఆయన మొహం చూడాల్సింది. వీధంతా పాకింది. అక్కయమ్మకు రెండో చెయ్యీ పోయిందట అని పక్కింటి ఆవులప్ప పుత్తూరు కట్టు నూనె సీసా తెచ్చి అరుగు మీద పెట్టి పోయాడు. పాపం, మంచివాడు. నూనె బాగుంది, మోకాళ్ళకు రాసుకుంటున్నాను.

స్పూను అటకెక్కించాను. కుడిచేత్తో సారన్నం తింటే సగం నోట్లోకి, సగం ఒళ్ళోకి. కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఒళ్ళో పడింది ఉతుక్కుంటాం, నువ్వు అన్నం వడ్డించు" అన్నాను. హేమంత్ నాతో మాట్లాడటం లేదు. నీ కొత్త ఉత్తరం వాడి జేబులోకి ఇంకా చేరినట్టు లేదు.

ఆలస్యమైన ఎలుకలకు లాభం లేదన్నావు. ఖాళీగా కూర్చోవడం ఇష్టమేనా అని వాటిని అడిగావా? నా మెదడులో నీ ప్రోటీన్ పెరిగిందో లేదో తెలియాలంటే నా తల కూడా కోసి చూడాలి. ఇవ్వను. నాకు తెలిసింది ఒకటే, వారం కిందట మీ అన్న చొక్కా గుండీ పట్టలేని వేళ్ళు నిన్న దారం పట్టాయి.

గోడౌనుకిచ్చిన కుచ్చుల గది ఖాళీ చేయించాను. చాందిని గార్మెంట్లు మానేసి వచ్చింది, లక్ష్మీదేవి ఆదివారాలు వస్తానంది. చిక్కపేట చీరలు వాళ్ళు కడతారు. పరాయివాళ్ళ పట్టుచీర నేను పాడుచేస్తానా? నాకు ఒక చీర కావాలి, పాడయినా అడిగేవాళ్ళు లేనిది. నువ్వు పెట్టిన ఆకుపచ్చ చీర బీరువాలో ఉంది. ఒక్కసారి కూడా కట్టుకోలేదు. దాని కొంగు బయటికి లాగి కూర్చున్నాను.

అక్కయమ్మ

*

హైదరాబాద్,
3 జూన్ 2003

వదినా,

నువ్వు చెయ్యి కట్టుకున్నావని తెలిసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. పడి తుంటి విరిగితే అన్నయ్యకు నా ముఖం ఎలా చూపించాలి? అయినా నువ్వు వినవు.

ఇవాళ వేరే సంగతి. ఇంగ్లండులో కొద్దిమంది రోగులకు మెదడులో సన్నటి గొట్టం పెట్టి, పొట్ట చర్మం కింద పంపు అమర్చి, ఆ ప్రోటీన్ నేరుగా పంపించారు. అందరూ మెరుగయ్యారు! ఒకాయన ఏళ్ళ తర్వాత తన చొక్కా తాను వేసుకున్నాడట. ల్యాబులో ఆ వ్యాసం చదివి స్వీటు పంచాను. పెద్ద పరీక్ష మొదలైంది. అదీ నెగ్గితే మన దేశానికీ వస్తుంది. మొట్టమొదటి పేరు నీదే రాయిస్తాను. అప్పటిదాకా జాగ్రత్తగా ఉండు, ఆ కట్టు మానెయ్.

వరూ

*

నగర్తపేట,
21 జూన్ 2003

వరూకు,

పేరు రాయించు. తలకు రంధ్రమంటే నాకు భయం లేదు, ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. మీ అన్నే వినగానే కుర్చీలో కూలబడ్డాడు.

గొట్టం వచ్చేదాకా చెయ్యి మాత్రం ఆపను. వచ్చాకా ఆపను.

ఈ మధ్య కాళ్ళు గడప దగ్గర అతుక్కుపోతున్నాయి. చాందిని గడప ముందు అడ్డంగా ముగ్గు గీత గీస్తే, తొక్కకూడదని దాన్ని దాటేస్తున్నాను. ఇదీ మీ ఎలుకలకు చెప్పు.

అక్కయమ్మ

*

హైదరాబాద్,
18 ఫిబ్రవరి 2005

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. అయిపోయింది.

పెద్ద పరీక్షలో ప్రోటీన్ ఇచ్చినవాళ్ళకూ, ఉత్త నీళ్ళు పంపినవాళ్ళకూ తేడా తేలలేదట. కోతుల మెదడులో ఏదో దెబ్బ కనబడిందని కూడా అన్నారు. కంపెనీ మందు ఆపేసింది. బాగుపడ్డామంటున్న రోగులు మా పంపులు ఆపొద్దని పోరాడుతున్నారు, కోర్టుకైనా వెళ్తామంటున్నారు. కంపెనీ వినడం లేదు. ఎవరిది తప్పో నాకే తెలియడం లేదు. మందుదా, గొట్టానిదా, మోతాదుదా? మా ల్యాబులో కూడా ఈ పనికి ఇక డబ్బు ఇవ్వరు. నా సగం జీవితం దీనికే ధారపోశాను. నీకు ఆశపెట్టి మోసం చేశాను. ఓడిపోయాను వదినా.

ఏప్రిల్ పదిన గీతాంజలి సీమంతం. పిలవాల్సిన ధర్మం కాబట్టి పిలుస్తున్నాను, కానీ నువ్వు రావద్దు. రైలు ప్రయాణం నీవల్ల కాదు. పైగా మా వియ్యపురాలు ఆ ఎడంచెయ్యి మాట ఇంకా మరిచిపోలేదు. జబ్బు సంగతి చెప్పబోతే, "పెళ్ళినాటికి బాగానే నడిచారుగా" అంటుంది. అందరి ముందూ నిన్ను అలా చూడటం నావల్ల కాదు. గీతాంజలికి చీర కొరియరులో పంపు, చాలు.

వరూ

*

నగర్తపేట,
9 మార్చి 2005

వరూకు వదిన దీవెనలు, చీవాట్లు. రెండూ తీసుకో.

ఈ ఉత్తరం ఎన్ని రోజులుగా రాస్తున్నానో అడగకు. పొద్దున మాత్ర పనిచేసే కాసేపే రాస్తాను. అక్షరాలు కనబడకపోతే భూతద్దం తెచ్చుకో, ల్యాబులో బోలెడుంటాయి.

నిజం చెబుతాను. జబ్బు తగ్గలేదు, పెరిగింది. పోయిన శ్రావణం నుంచి ఎడంచెయ్యి కూడా వణుకుతోంది. కట్టు తీసేశాను. మంచి చెయ్యి అంటూ మిగలలేదు, ఇక దేన్ని కట్టను? విని ఏడవకు. ఇన్నేళ్ళూ ఈ కుడిచేత్తో అన్నం తిన్నాను, జడ వేసుకున్నాను, మీ అన్న వీపు మీద చరిచాను. నన్ను బొమ్మను చేసి కూర్చోబెట్టి ఉంటే ఇవేవీ లేవు. ఇది నీ ప్రోటీన్ చేసిందో, నా మొండితనం చేసిందో నాకు అక్కర్లేదు.

కంపెనీవాడు ఆపేస్తే నువ్వు ఓడిపోవడమేమిటే? వాడు మందు ఆపాడు. మెదడు చేసుకునేదాన్ని కూడా వాడే ఆపాడా? కణానికి కబురు అందాలని నువ్వే రాశావు. గదిలో గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో నీ ఎలుకల కబురు నాకు అందింది. లేచాను. నన్ను మోసం చేశానని ఇంకోసారి రాశావంటే ఊరుకోను. తప్పు మందుదో గొట్టానిదో తెలియదన్నావు. తెలుసుకో. డబ్బిచ్చేవాళ్ళను అడుగు, లేదంటే మళ్ళీ అడుగు. హేమంత్ ఇప్పుడు నాకు సూదిలో దారం ఎక్కించి ఇస్తున్నాడు. వాడే మారినప్పుడు వాళ్ళెంత?

ఇక చీర. తిప్పి పంపమన్నావు, గుర్తుందా? ఆరేళ్ళయింది. ఇప్పుడు ఇస్తాను. కొంగుకు కుచ్చులన్నీ అయ్యాయి. ఎడంచేత్తో తీసుకున్న చీరకు కుడిచేత్తో కట్టాను, అన్నీ నేనే. మొదటివైపు ముళ్ళు వంకర, మధ్యలో కాస్త నిటారు, చివరవైపు మళ్ళీ వంకర. చాందిని విప్పి సరిచేస్తానంది, చెయ్యి విరగ్గొడతానన్నాను. పెట్టిన చీర మళ్ళీ పెట్టకూడదని మీ వియ్యపురాలు అంటుంది. అననీ.

కొరియరులో పంపను. నేనే వస్తున్నాను. మీ అన్న టిక్కెట్లు తీశాడు, చాందిని కూడా వస్తుంది. మంటపం గడప ముందు ముగ్గు గీత అడ్డంగా వేయించు.

గీతాంజలిని పీట మీద కూర్చోబెట్టు. మీ వియ్యపురాలిని దాని పక్కనే కూర్చోబెట్టు, బాగా కనబడేలా. చీర నేను కుడిచేత్తోనే ఇస్తాను. కుంకుమ ఒలికితే ఒలుకుతుంది. చెయ్యి లేవడానికి ఎంతసేపు పడితే అంతసేపు అందరినీ ఆగమను. నువ్వు ఉరికి వచ్చి పట్టుకోకు.

నా చెయ్యి గీతాంజలి దగ్గరికి వచ్చాకే ఫొటో తియ్యమని ఫొటోగ్రాఫరుకు చెప్పు.

అక్కయమ్మ